మా అన్న విన్న రైళ్లు

సూర్యాపేటకు రైలు లేదు. హైవే ఉంది, బస్టాండు ఉంది, ఎడతెగని లారీలున్నాయి. పట్టాలు మాత్రం లేవు. ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్లకు అదొక లోటుగా అనిపించదు. మా ఆయనకు రైలంటే సికింద్రాబాదు పోయి ఎక్కాల్సిన బండి, అంతే. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు కొన్నాళ్లు ఏదో వెలితిగా ఉండేది గానీ, పిల్లలు, ఉద్యోగం, ఇల్లు మీద పడ్డాక నేనూ ఆ సంగతి మరిచిపోయాను. మా అన్న దానియేలు తన చివరి తొమ్మిదేళ్లు ఈ రైలు లేని ఊళ్లోనే, మా ఇంట్లోనే గడిపాడు. మొన్న వానాకాలంలో పోయాడు. పోయిన వారం మిర్యాలగూడలో తెలిసినవాళ్ల ఇంట్లో పెళ్లికి వెళ్లి వస్తుంటే రైల్వే గేటు దగ్గర మా బస్సు ఆగింది. ఒక బండి పోయింది. బస్సులో ఎవరూ ఫోన్లలోంచి తల ఎత్తలేదు. నేను మాత్రం కళ్లు మూసుకుని, మా అన్న విన్నట్టు వినడానికి ప్రయత్నించాను. ఏ బండో, ఎటు పోతోందో, ఖాళీగా ఉందో బరువుతో ఉందో ఏమీ తెలియలేదు. గేటు ఎత్తారు, బస్సు కదిలింది. ఇంటికొచ్చి కూడా నిలవలేక ఇది రాయడానికి కూర్చున్నాను.

మాది త్రిపురారం దగ్గరి పల్లె. కాలువ కింద వరి పొలాల్లో అమ్మా నాయినా కూలి చేసేవాళ్లు. మిర్యాలగూడకు కొత్తగా రైలు లైను వేస్తున్నప్పుడు నాయిన మట్టి పనికి పోయాడు. కట్ట పోసినవాళ్లలో కొందరిని లైను మీది పనికి ఉంచుకున్నారు. నాయిన అందులో ఒకడు. కొన్నాళ్లకు పర్మినెంటయి, మిర్యాలగూడ స్టేషనుకు దగ్గర్లో పట్టాల పక్కన రెండు గదుల క్వార్టరు వచ్చింది. మేం సామాను ఎడ్లబండిలో వేసుకుని ఆ క్వార్టరుకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఇంటికి కరెంటు ఉందని అమ్మ, పంపు ఉందని నేను సంబరపడుతుంటే, అన్న వాకిట్లో నిలబడి పట్టాలు ఎటువైపున్నాయో చెప్పమని నాయినను అడిగాడు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపిస్తే, వంగి పట్టాను పొడుగునా తడిమి చూశాడు. మూడేళ్ల వయసులో తట్టు పోసి అన్నకు రెండు కళ్లూ పోయాయి. అన్న నాకంటే ఐదేళ్లు పెద్ద. బడికి పంపలేదు, అట్లాంటి పిల్లలకు వేరే బళ్లుంటాయని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అప్పటిదాకా పల్లెలో గోడకు ఆనుకుని కూర్చోవడమే అన్న జీవితం.

నాయిన పని రోజూ పొద్దున్నే భుజాన పెద్ద సుత్తి, చేతిలో పానా, సంకలో చుట్టిన జెండాలతో పట్టాల వెంట నడిచి, పట్టాను పట్టి ఉంచే ఇనుప కీలు ఎక్కడన్నా ఊడితే బిగించుకుంటూ పోవడం. అందుకే ఆ పని చేసేవాళ్లను కీమన్ అంటారు. నాయిన సుత్తి దెబ్బలు దూరం పోయేకొద్దీ పలచబడేవి. అమ్మ పొయ్యి మీద గటక కలుపుతూ, మీ నాయిన ఎందాక పోయిండురా అని అడిగితే, అన్న ఒక్క క్షణం ఆగి, మోరీ దాటిండని, వంతెన మీదున్నడని చెప్పేవాడు. వంతెన మీద దెబ్బ ఖంగుమంటుందట, కట్ట మీద దెబ్బ మన్నులో కూరుకుపోతుందట. నాకైతే రెండూ ఒకటే. ఆ తర్వాత అమ్మ రైస్ మిల్లుకు పోయేది, ఆరబోసిన ఉడకవడ్లు తిరగేసే పనికి. సాయంత్రం వచ్చేసరికి ఆమె చీరంతా ఉడికిన వడ్ల వాసన, నాయిన ఒంటినిండా గ్రీజు వాసన. ఇద్దరూ చేతులు కడుక్కున్నా అన్నంలోకి కూడా ఆ రెండు వాసనలూ వచ్చేవి. మేం దాన్ని వాసన అనుకోలేదు, ఇల్లు అనుకున్నాం.

ఇక మా ముందు నుంచి పోయే బండ్లు. అన్నీ డీజిల్ ఇంజన్లే. స్టేషన్లో ఆగి ఉన్నప్పుడు పెద్ద జంతువు నెమరేసినట్టు డుగు డుగు డుగు మంటూ ఉండేవి. కదిలేటప్పుడు ఒక్కసారి ఊపిరి బిగబట్టి, తర్వాత గొంతు పెంచి, ఇంటి రేకులు అదిరేటట్టు మూలిగేవి. వాడపల్లి వైపు నుంచి సిమెంటు నింపుకుని వచ్చే గూడ్సు చాలా దూరం నుంచే బరువుగా వినిపించేది. అదే బండి ఖాళీగా తిరిగి పోతుంటే పెట్టెలన్నీ ఖాళీ గిన్నెల్లా మోగేవి. ప్యాసింజరు బండి స్టేషను చేరకముందే కీచుమని బ్రేకు వేసేది. తెల్లవారి వచ్చే తిరుపతి బండి మాత్రం పట్టాల అతుకుల మీద టకటకమని ఒకే వరసలో, ఎవరి కోసమూ ఆగనట్టు వచ్చి ఆగేది. ఇవన్నీ నాకు చెప్పింది అన్నే. నేను వింటే అంతా మోతే. అన్న తన చేతిని నా మోచేతి మీద పెట్టి, ఇప్పుడు విను, ఇగో ఇప్పుడు, అని వేలితో తట్టి చూపించేవాడు. రెండేళ్లు తిరిగేసరికి ఏ ఇంజన్ ఏదో కూడా గుర్తుపట్టడం మొదలుపెట్టాడు. ఒకదానికి జలుబు చేసిందనేవాడు. ఇంకొకటి ముసలిదట, ఎత్తు ఎక్కేచోట ఆయాసపడుతుందట. నిన్న మొన్నటిదాకా వచ్చినది రాకపోతే, దాన్ని ఎటు పంపారోనని రోజంతా అడిగేవాడు. పట్టాల పక్కన బట్టలు ఉతుక్కునే ఆడవాళ్లు, మేకలు తోలుకుపోయే వాళ్లు దాటేముందు, బండి వస్తదా దానేలూ అని అడిగి పోయేవాళ్లు. కనిపించేవాళ్లు కనిపించనివాణ్ణి అడిగి పట్టాలు దాటడం అన్నకు ఎంత గొప్పగా ఉండేదో ఆ ముఖం చూస్తే తెలిసేది.

నేను తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు జరిగింది అసలు సంగతి. ఎండాకాలం మధ్యాహ్నం. నాయిన భోజనానికి వచ్చి ఉన్నాడు. సిమెంటు గూడ్సు పోతోంది. వాకిట్లో మంచం మీద కూర్చున్న అన్న లేచి నిలబడ్డాడు. బండి మొత్తం పోయేదాకా కదలలేదు. తర్వాత లోపలికి ముఖం తిప్పి, నాయినా, వెనకకెల్లి ఒక పెట్టె కుంటుతున్నది, దానికి ఏదో అయింది, అన్నాడు. నాయిన చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసి, ఒక్క మాట అడగకుండా సైకిలెక్కి స్టేషనుకు పోయాడు. అక్కడివాళ్లు తర్వాతి స్టేషనుకు ఫోను చేసి బండి ఆపించారు. చూస్తే ఒక పెట్టె ఇరుసు కాలి పొగ వస్తోంది. ఇంకొంత దూరం పోతే విరిగి బండి పడిపోయేదని సాయంత్రం నాయిన వచ్చి చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన అన్న వైపు చూడలేకపోయాడు. అప్పటిదాకా కొడుకును బరువుగానే ఎంచినందుకేమో.

వారం తర్వాత, పట్టాల మీద నడిచే మోటారు ట్రాలీ మీద ఒక ఆఫీసరు వచ్చి మా క్వార్టరు ముందు దిగాడు. ఆంధ్రా వైపు మనిషి. ఆ కుర్రాడు ఎవరయ్యా అని అడిగి, అన్న చేతిని రెండు చేతులతో పట్టుకుని, "ఇలాంటి చెవి మాకు కావాలయ్యా, ఇంట్లో కూర్చోబెట్టుకుంటే ఎలాగ?" అన్నాడు. టీ తాగి వెళ్లిపోయాడు. మంచి మనిషే. మెచ్చుకోవడానికి నోటికొచ్చిన మాట అన్నాడు. అన్న దాన్ని నౌకరీ అనుకున్నాడు.

మరుసటి రోజు నుంచి అన్న పొద్దున్నే స్నానం చేసి, ఒక్కటే ఉన్న తెల్ల చొక్కా వేసుకుని వాకిట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. చెంబులో నిప్పులు పోసి అమ్మ ఆ చొక్కా ఇస్త్రీ చేసేది. మోటారు ట్రాలీ చప్పుడు పలచగా, కుట్టుమిషను లాగా ఉంటుంది. అది వినబడితే చాలు, అన్న లేచి గుండీలు సరిచూసుకునేవాడు. ట్రాలీ మా ముందు నుంచి పోయేది. మళ్లీ కూర్చునేవాడు. వానాకాలం పోయి చలికాలం వచ్చింది. చొక్కా కాలరు చిరిగితే అమ్మ తిప్పి కుట్టింది. చివరికి ఒక సాయంత్రం నాయిన పక్కన కూర్చుని, సారు మాట వరసకు అన్నడు బిడ్డా, గది మనసుల పెట్టుకోకు, అని మెల్లగా చెప్పాడు.

"మాట వరసకైతే సెయ్యి ఎందుకు పట్టుకున్నడు నాయినా?" అన్నాడు.

ఆ మాట విన్న నేను అప్పుడు ఎంత కోపం తెచ్చుకున్నానో, ఆ ఆఫీసరును మనసులో ఎన్ని తిట్టానో నాకు తెలుసు. పెద్దయ్యాక నేనూ అట్లాంటి మాటలే చెబుతానని, అదీ అదే మనిషికి చెబుతానని అనుకోలేదు.

నేను టీచర్ ట్రైనింగ్ చేశాను, ఉద్యోగం వచ్చింది, సూర్యాపేటలో టైర్ల షాపు ఉన్న ఆయనతో పెళ్లయింది. నాయిన రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, అన్న కోసం పట్టాలకు దగ్గరలోనే కిరాయిల్లు తీసుకున్నారు. నాయిన పోయాడు. అమ్మ ఒక్కతే అన్నను ఇంకా కొన్నేళ్లు చూసుకుంది. ఆమె కూడా పోయాక, దినం కాగానే అన్నను నేను సూర్యాపేట తెచ్చుకున్నాను. వేరే దారి లేదు. ముందు గది అన్నకిచ్చాం. ఎదురుగా హైవే. మొదటి రోజు కిటికీ దగ్గర కూర్చుని లారీలు విన్నాడు. ఎట్లుందన్నా అని అడిగాను. "అన్ని ఒక్క తీరే ఉరుకుతున్నయ్ చెల్లె. ఒక్కటి గూడ ఎవ్వరికోసం ఆగుతలేదు," అన్నాడు. కొద్ది రోజులకు మొదటిసారి అడిగాడు, ఒక్క పూట మిర్యాలగూడ తోల్కపో, స్టేషన్ల కూసుండి వద్దామని. ఈ ఆదివారం పోదామన్నాను.

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ ఎంత దూరమని? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. కానీ అప్పుడు నా ఉద్యోగం కోదాడలో. వారంలో ఆరు రోజులు పొద్దునా సాయంత్రం బస్సులో నిలబడి పోయి వచ్చేదాన్ని. ఆదివారం వచ్చిందంటే మందిరం, బట్టలు, పిల్లల చదువులు, పేపర్లు దిద్దుకోవడం. ఈ వారం కాదన్నా, వచ్చే వారం. పరీక్షలయిపోనీ. ఎండలు తగ్గనీ. ఇట్లా ఎన్ని చెప్పానో. కోదాడ స్కూల్లో సరోజిని అనే టీచరు ఉండేది, మేళ్లచెరువు మనిషి. ఒకసారి మాటల్లో అన్న సంగతి చెప్తే, "మా ఊరి పక్కనించే సిమెంటు గూడ్సు వెళ్తుందండీ. ఒక ఆదివారం తీసుకొచ్చేయండి, భోజనం మా ఇంట్లోనే," అంది. ఎంతో మంచి మనసుతో రెండు మూడుసార్లు అడిగింది కూడా. తప్పకుండా వస్తామన్నాను. వెళ్లలేదు. తర్వాత కరోనా వచ్చింది, ఎవరూ ఎక్కడికీ కదలలేదు. మిర్యాలగూడ లైను మీద కరెంటు తీగలు వేశారని, ఇక డీజిల్ ఇంజన్లు ఉండవని ఎవరో చెప్పారు. అన్నకు చెప్పలేదు. చెప్తే బాధపడతాడని అనుకున్నాను గానీ, నిజం అది కాదు. చెప్తే, నువ్వు తోల్కపోనందుకే అవి నాకు దక్కకపాయె అని అంటాడేమోనని భయపడ్డాను.

ఈ మధ్యలో అన్నలో మార్పు వచ్చింది. టీవీలో వార్తలు పెద్దగా పెట్టేవాడు, మా ఆయన తగ్గిస్తే మళ్లీ పెంచేవాడు. ఇంట్లో చిన్న చిన్న గొడవలయ్యేవి. అన్నం తిందువు రా అంటే పలికేవాడు కాదు. ఒకటి అడిగితే ఒకటి చెప్పేవాడు. ఎప్పుడూ నన్ను తన కుడిపక్కనే కూర్చోమనేవాడు. మిర్యాలగూడ మాట ఎత్తడం మానేశాడు. నామీద అలిగాడనుకున్నాను. కొన్నిసార్లు విసుక్కున్నాను కూడా, ఇంత చేస్తున్నా ముఖం ముడుచుకునే ఉంటాడని. అడగడం మానేశాడు గనక మరిచిపోయాడనీ అనుకున్నాను. మనకు వీలుగా ఉండేవి నమ్మడం ఎంత తేలిక.

పోయినేడు నాకు సూర్యాపేటకే బదిలీ అయింది. ఒక సెలవు రోజున, నాకు నేనే సిగ్గుపడి, అన్న కుడిచెవి దగ్గర, మిర్యాలగూడ పోదామా అన్నాను. ఒక్కసారి ఇటు తిరిగాడు. నిజంగనే అని అడిగాడు. లోపలికి పోయి తనే స్నానం చేసి, తెల్ల చొక్కా కావాలన్నాడు. మా ఆయన చొక్కా ఒకటి తీసిచ్చాను, భుజాల దగ్గర వదులయింది. బస్సులో దారి పొడుగునా నా చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. ఎక్కువ మాట్లాడలేదు. సంతోషంతో అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, భయంతో.

స్టేషను మారిపోయింది. పైన తీగలు, కొత్త టైల్సు, గంట గంటకూ మైకులో మాటలు. ప్లాట్‌ఫాం మీద సిమెంటు బెంచీ చూసి అన్నను కూర్చోబెట్టి, కుడిపక్కన నేను కూర్చున్నాను. అక్కడ ఊడ్చే పెద్దాయనను డీజిల్ బండి ఏదన్నా వస్తదా అని అడిగాను. "ఇప్పుడన్ని కరెంటువేనమ్మా. మోతుండదు, పొగుండదు, మంచిగయింది," అన్నాడు. అన్న చెప్పుల్లోంచి కాళ్లు తీసి అరికాళ్లు నేలకు ఆనించి, ముఖం ఎత్తి, పట్టాల వైపు కాకుండా కొంచెం పక్కకు తిరిగి కూర్చున్నాడు.

కొంతసేపటికి గూడ్సు వచ్చింది. డ్రైవరు హారన్ గట్టిగానే కొట్టాడు. పక్కనున్న చిన్నపిల్ల చెవులు మూసుకుని తల్లి ఒళ్లో దూరింది. అన్న కదలలేదు. ఇంజన్ ఒక హోరుతో మా ముందు నుంచి జారిపోయింది, వెనక పెట్టెలు వస్తున్నాయి, పోతున్నాయి. నేను అన్న ముఖంలోకే చూస్తున్నాను. ఆ ముఖం ఇంకా ఎదురుచూస్తోంది.

"ఇంకెంతసేపయితది చెల్లె?" అని అడిగాడు.

అప్పటికి గాలి తగిలి ఆ వదులు చొక్కా కొట్టుకోవడం మొదలయింది. అన్న చెయ్యి చొక్కా మీద పెట్టుకున్నాడు. అరికాళ్లు కొంచెం అటూ ఇటూ కదిలించాడు. అర్థమైనట్టుంది. వచ్చిందా అన్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి, పోతున్నదన్నా, మన ముందుకెల్లే పోతున్నది, అని అరిచాను. ప్లాట్‌ఫాం మీద వాళ్లు మా వైపు చూశారు. చివరి పెట్టె పోయి గాలి ఆగేదాకా అన్న అట్లాగే ఉన్నాడు.

"ఎవరో ఊడుస్తున్నరనుకున్న," అన్నాడు.

తర్వాత, చాలా నెమ్మదిగా, మిగతాది చెప్పాడు. రెండేళ్లయిందట. మొదట ఎడమది, తర్వాత కుడిది. కళ్లు లేనోడికి చెవులు కూడా పోయినయంటే నువ్వేం పరేషాన్ అయితవో, మీ ఆయన ఏమంటడోనని చెప్పలేదన్నాడు. "లారీలు ఇనొస్తలేవు, మీ మాటలు ఇనొస్తలేవు. రైలు మోత పెద్దది గదా, అదన్న ఇనొస్తదని ఉండె నాకు. అందుకే అడుగుడు బంద్ జేసిన చెల్లె. అడిగితే తోల్కపోతవు. వచ్చినంక ఇనరాకపోతే ఇగ ఏముంటది?"

ఇంకో రెండు బండ్లు వచ్చేదాకా కూర్చున్నాం. కుడిచెవి దగ్గర అరిచి ఏది ఏదో చెప్పాను. తల ఊపాడు. ఇక చాలు పోదామని తనే లేచాడు.

డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. చెవి నరం చాలా దెబ్బతిన్నదని, మొదట్లోనే వచ్చుంటే మిషను పనిచేసేదేమోనని అన్నాడు. అయినా మిషను పెట్టించాం. పెట్టుకున్న రోజున అన్న ముఖం చిట్లించి, లోపల ఇసుక పోసినట్టుందన్నాడు. నాలుగు రోజులకు తీసి నా చేతిలో పెట్టాడు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, అప్పుడు మాకు ఏమీ లేదు, ఇప్పుడు అన్నీ ఉన్నాయి అని చెప్పడం మా వయసు వాళ్ల అలవాటు. లేదా అప్పుడే బాగుండేదంటారు. నేను రెండూ చెప్పలేను. కరెంటు ఇంజన్లు మంచివే. పట్టాల పక్క ఇళ్లల్లో పసిపిల్లలు నిద్రపోతున్నారు. అమ్మ ఊపిరితిత్తుల్లోకి పోయిన ఆ పొగ, ఆ ఊక దుమ్ము ఎవరికీ వద్దు. నేను కొలుచుకుంటున్నది అది కాదు. అప్పుడు చదువు లేని నాయిన, కళ్లులేని కొడుకు ఒక్క మాట చెబితే నోటి దగ్గరి ముద్ద వదిలేసి పరుగెత్తాడు. చదువుకున్న నేను అదే మనిషి అడిగితే ఏడేళ్లు గడిపేశాను. దారి ఉంది, బస్సులున్నాయి, కాళ్లున్నాయి. ఆ ఏడేళ్లలో మొదటి నాలుగైదేళ్లు ఆ చెవులు బాగున్నాయి, ఆ లైను మీద పాత ఇంజన్లూ తిరిగాయి. రెండూ ఉన్న రోజులవి. లెక్కలేనన్ని ఆదివారాలు. వాటిలో ఒక్కటి కూడా నేను ఇవ్వలేదు. ఇప్పుడు ఏ మందిరంలో మోకరించి అడిగినా ఆ ఒక్కటి తిరిగి రాదు. దేవుడు క్షమిస్తాడని పాస్టరుగారు అంటారు. క్షమించవలసిన మనిషి అసలు నన్ను తప్పుపట్టలేదు. నాకు తట్టుకోలేనిది అదే.

స్టేషన్ నుంచి వచ్చిన కొన్నాళ్లకు, ఒక సాయంత్రం అన్న వరండాలో కూర్చుని ఉంటే పోయి పక్కన కూర్చున్నాను. ఏం తోచిందో, ఆయన చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుని, అరచేతి మీద వేళ్లతో కొట్టడం మొదలుపెట్టాను. మొదట మెల్లగా, స్టేషన్లో ఆగిన ఇంజనులాగా. తర్వాత కదిలినట్టు, ఊపందుకున్నట్టు, అతుకుల మీద పెట్టెలు పోతున్నట్టు. నాకు గుర్తున్నంత వరకు, నాకు వచ్చినంత వరకు కొట్టాను. అన్న తల వంచి, చెయ్యి కదపకుండా, చాలాసేపు ఓపిగ్గా ఉన్నాడు. నేను ఏడుస్తున్నట్టు ఆయనకు తెలిసే వీలు లేదు. తర్వాత మెల్లగా గుప్పిట మూశాడు.

"వద్దు చెల్లె," అన్నాడు. "నీ సెయ్యి నీ సెయ్యి లెక్కనే ఉన్నది."

చెయ్యి వెనక్కి తీసుకుని, లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి నడిచాడు. గడప దగ్గర పిల్లల సైకిలు అడ్డంగా ఉంది. నేను కూర్చున్న చోటు నుంచే అన్నా, ఆగు అని పిలిచాను. పిలిచిన తర్వాత గుర్తొచ్చింది.